కాపలా తోలు

తోలూ, నీకు దండం. పిస్టల్‌కు ఒర కుట్టడం నేర్చుకుందామని బల్ల ముందు కూర్చున్న ప్రతి కొత్త చేతి తరఫునా పెడుతున్న దండం ఇది. పుస్తకం తర్వాత, పనిముట్లు తర్వాత. వాళ్లకు తొలి గురువువి నువ్వే.

అమెరికాలో ఒరలు కుట్టేవాళ్లు నిన్ను బెరడు రసంలో పదును చేసిన తోలుగానే కోరుకుంటారు. సెయింట్ లూయిస్‌లో 1881 నుంచీ తోళ్లు పదును చేస్తున్న హెర్మన్ ఓక్ పేరు వాళ్ల నోళ్లలో నానుతూనే ఉంటుంది. క్రోమియం లవణాలతో పదును చేస్తే తోలు తొందరగా తయారవుతుంది, మెత్తగా ఒళ్లు విరుచుకుంటుంది; సంచికీ కోటుకీ అది హాయి. ఒరకు అది చాలదు. బెరడులోని టానిన్ తాగిన నువ్వు మాత్రం నీళ్లు తగిలితే లొంగుతావు, ఆరితే బిగుస్తావు, పట్టిన రూపాన్ని ఏళ్ల తరబడి వదలవు.

బెరడుతో తోలును లొంగదీసే ఈ విద్య మనకు పరాయిది కాదు. తంగేడు చెక్క, కరక్కాయ వేసిన లందలో తరతరాలుగా మునిగిన చేతులు మన పల్లెల్లో ఉన్నాయి. మోటకు తొండం, కాలికి చెప్పు, డప్పుకు చర్మం ఇచ్చినవి ఆ మాదిగ చేతులే. ఊరు వాళ్ల పనిని నెత్తిన పెట్టుకుని, వాళ్లను మాత్రం పొలిమేరకు నెట్టింది. టెక్సాస్‌లో ఒక తెలుగు కుర్రాడు ఈ పనికి కూర్చున్నా, తోలు కోసే కత్తికి మన భాషలో పేరు రంపె. తోలును పొడిచే మొనకు పేరు ఆరె. ఆ రెండు పేర్లూ వాళ్లు పెట్టిన భిక్షే. ఆరెకు దండం, రంపెకు దండం, వాటిని పట్టి అరిగిన వేళ్లకు వెయ్యి దండాలు.

నీ ఒంట్లో ఏ భాగం దేనికి పనికొస్తుందో తెలియడమే తొలి పాఠం. వీపు గట్టిది, భుజం పరవాలేదు, పొట్ట సాగిపోతుంది. పొట్టతోలుతో ఒర కుట్టకూడదు. నీ మందాన్ని అమెరికాలో ఔన్సుల్లో చెబుతారు. ఔన్సంటే అంగుళంలో 64వ వంతు. 8 ఔన్సుల తోలంటే మూడు మిల్లీమీటర్లకు కాస్త పైన. ముందు అట్ట మీద గీసుకోవాలి, అట్టను కత్తిరించి మడిచి చూసుకోవాలి, ఆ తర్వాతే నీ మీద రంపె పెట్టాలి. కోసిన తోలు మళ్లీ అతుక్కోదు కనుక, తొందర పడే చేతిని నువ్వే నెమ్మదింపజేస్తావు.

కుట్టు నీకు వెన్నెముక. అంచు పొడవునా సన్నటి గాడి తీయాలి, పళ్ల చక్రం దొర్లించి అంగుళానికి ఆరో ఏడో గుర్తులు పెట్టాలి. ఒక్కో గుర్తులో ఆరెను నిటారుగా దింపాలి. మొన కాస్త వాలినా అవతలి వైపు వరస వంకర పోతుంది. తేనెమైనం పట్టించిన దారం ఒక్కటే, సూదులు రెండు, రెండు కొసలకూ చెరొకటి. ఒకే రంధ్రంలో ఒక సూది ఇటు నుంచి అటు, రెండోది అటు నుంచి ఇటు. రెండు చేతులూ ఒకేసారి బయటికి లాగితే దారం కిర్రుమని నీలోకి దిగుతుంది. గుర్రపు జీనులు కుట్టినవాళ్ల కుట్టు ఇది. ఎక్కడైనా ఒక పోగు తెగినా రెండోది పట్టి ఉంచుతుంది. ఒకటి పోతే ఒకటి నిలిచే ఆ కుట్టుకు దండం.

ఆపైన నీళ్లు. గోరువెచ్చని నీళ్లలో నిన్ను ముంచితే బుడగలు పైకొస్తాయి. అవి సన్నగిల్లగానే తీసెయ్యాలి, నానబెట్టకూడదు. కాసేపట్లో నీ రంగు సగం తేలుతుంది, అదీ అదను. అసలు పిస్టల్ బదులు అదే కొలతల నీలిరంగు ప్లాస్టిక్ నమూనాను నీలోకి దింపి, బొటనవేళ్లతో ఒత్తుతూ పోవాలి. గొట్టం గీత, ట్రిగ్గర్ చుట్టూ కమ్మీ వంపు, తూటా తొడుగు బయటికొచ్చే కిటికీ అంచు ఒక్కొక్కటే నీ మీద తేలివస్తాయి. గోరు ఆనితే గోరు గుర్తూ దాచుకుంటావు. మండే ఎండా, పొయ్యి సెగా నీకు పనికిరావు. మితిమీరిన వేడికి నువ్వు ముడుచుకుని పెళుసెక్కుతావు. తెల్లవార్లూ గాలికి ఆరాక వేలితో తడితే చెక్కలా పలుకుతావు.

ఇంత శ్రమా దేని కోసం? ట్రిగ్గర్ అనే ఆ చిన్న ఇనుప ముక్క కోసం. 1920లలో ఎల్ పాసోలో టామ్ త్రీపర్సన్స్ అనే పోలీసు అధికారి పేరు మీద ఎస్. డి. మైర్స్ జీనుల దుకాణం కుట్టిన ఒర పేరు మోసింది. రెప్పపాటులో పిస్టల్ తీయాలని అందులో అదనపు తోలంతా కోసేశారు, ట్రిగ్గర్ కూడా బయటే ఉండేది. ఆ పొదుపులో అందముంది, ఆ పనితనం గొప్పది. ఈనాటి గురువులు మాత్రం కొత్తవాళ్లకు మొదట చెప్పేది ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పమనే. వేలు చొరబడకూడదు, చొక్కా అంచు చిక్కుకోకూడదు. పిస్టల్ తీశాక ఒర నోరు మూసుకుపోకుండా అక్కడ ఇంకో తోలు పట్టీ వేసి కుట్టమంటారు. ఖాళీ పిస్టల్ పెట్టి ఒరను తలకిందులు చేస్తే జారకూడదు; చేత్తో లాగితే పెనుగులాడకూడదు. ఈ రెంటి మధ్య సరైన బిగువు నీ చెమ్మలోనూ కుట్టేవాళ్ల బొటనవేళ్లలోనూ ఉంది.

నీకూ వయసుంది. చెమటా వానా తాగి మెత్తబడ్డ రోజున నీ మడత ఒకటి లోపలికి వంగి ట్రిగ్గర్‌ను నొక్కగలదు. ఎంత ముద్దుగా చేసుకున్నదైనా ఆ రోజున నిన్ను నడుము నుంచి విప్పి పక్కన పెట్టాలి. అది నీకిచ్చే మర్యాదే.

చెప్పు కుట్టినవాడి పేరు నడక చెబుతుంది, డప్పు కట్టినవాడి పేరు మోత చెబుతుంది. ఒర కుట్టినవాడి పేరు చెప్పేది ఏమీ జరగని రోజు. నడుముకు పిస్టల్ ఉన్న మనిషి పొద్దున ఇంట్లోంచి బయల్దేరి, మెట్లెక్కి దిగి, కారెక్కి దిగి, వంగి పిల్లను ఎత్తుకుని, రాత్రికి క్షేమంగా ఇల్లు చేరితే ఆ పని నెగ్గినట్టే. ఎవరూ మెచ్చుకోరు, ఎవరికీ తెలియదు. కొత్తగా ఆరె పట్టినవాళ్లారా, ఆ తెలియకపోవడం కోసమే ప్రతి కుట్టూ బిగించండి; ఆ బిగువుకే మన దండం.