ముందర ఒక పన్ను తక్కువ

ధర్మవరం సముద్రమట్టానికి దాదాపు 350 మీటర్ల ఎత్తులో ఉంది, హిందూపురం దాదాపు 620 మీటర్ల ఎత్తులో. మ్యాపులో ఈ తేడా ఎవరి కంటికీ ఆనదు. పట్టుచీరల మూట కట్టుకొని పెనుకొండ మీదుగా దక్షిణానికి పోయే వంద సీసీ బండికి మాత్రం బాగా తెలుస్తుంది. దానికి తోడు జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి. రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. వాటిని తిప్పే గాలే దారి మలుపు తిరిగినప్పుడల్లా బండి ముఖాన కొడుతుంది. మిట్ట, ఎదురుగాలి, వెనక బరువైన మూట కలిసిన చోట నాలుగో గేరు నిలవదు. మూడుకు దించితే ఇంజను అరుస్తుంది, నాలుగులోనే ఉంచితే ఈడ్చుకుంటూ కొట్టుకుంటుంది. ఈ బాధకు మన మెకానిక్ షెడ్లలో ఏళ్లుగా చెప్పే మందు ఒకటుంది: ‘అన్నా, ముందర ఒక పన్ను తగ్గిద్దాం.’

ఆ మాట వెనక చాలా తెలివి ఉంది. కంపెనీ బండిని తయారుచేసేటప్పుడు మడకశిర వైపు పట్టుగూళ్ల బస్తాతో మిట్టెక్కే రైతును దృష్టిలో పెట్టుకోదు. దేశమంతా అమ్మాలి, మైలేజి బాగా చూపించాలి, నున్నటి రోడ్డు మీద ఇంజను చప్పుడు తక్కువగా ఉండాలి. ఆ లెక్కన ఇంజను దగ్గరి చిన్న స్ప్రాకెట్‌కు ఎన్ని పళ్లు, వెనక చక్రం మీది పెద్ద స్ప్రాకెట్‌కు ఎన్ని పళ్లు అని తేల్చేస్తారు. అది సగటు మనిషికి సరిపోయే లెక్క. మన రోడ్డుకు, మన బరువుకు సరిచేసుకునే పని షెడ్డుకు మిగిలింది.

లెక్క చూద్దాం. ముందు 14, వెనక 42 పళ్లు ఉన్నాయనుకోండి. ముందుది మూడు చుట్లు తిరిగితే వెనకది ఒక చుట్టు తిరుగుతుంది. ముందుది 13 చేస్తే ఆ మూడు కాస్తా 3.23 అవుతుంది. అంటే అదే ఇంజను, అదే పెట్రోలు, కానీ చక్రాన్ని తోసే బలం దాదాపు 8 శాతం పెరిగింది. బండరాయిని లేపడానికి గడ్డపారను ఇంకొంచెం చివర పట్టుకున్నట్టే ఇది: బలం కలిసొస్తుంది, చెయ్యి మాత్రం ఎక్కువ దూరం కదలాలి. ఇంతకుముందు 60 కిలోమీటర్ల వేగంలో ఇంజను ఎంత తిరిగేదో, ఇప్పుడు 56 దగ్గరే అంత తిరుగుతుంది. మూడో గేరుకూ నాలుగో గేరుకూ మధ్య తేడా సాధారణంగా పావు వంతుకు అటూ ఇటూ ఉంటుంది. ఆ రెంటి మధ్య ఎటూ కాకుండా నలిగే బండికి ఈ 8 శాతమే పెద్ద ఊరట.

వెనక పళ్లు పెంచి కూడా ఇదే ఫలితం తేవచ్చు. 42ను 45 చేస్తే నిష్పత్తి 3.21. ముందు ఒకటి తగ్గించడం, వెనక మూడు పెంచడం దాదాపు ఒకటే. మరి షెడ్లలో ముందుదాని మీదే ఎందుకు చెయ్యి వేస్తారంటే, అది చవక, పని తొందరగా అవుతుంది, పాత చైనే సరిపోతుంది. ఇరుసును మూడు మిల్లీమీటర్లు వెనక్కి జరిపితే చాలు. అయితే న్యాయంగా చెప్పాలంటే వెనకది పెంచడమే చైన్‌కు మేలు. 14 పళ్ల మీద తిరిగేటప్పుడు ప్రతి లింకూ దాదాపు 26 డిగ్రీలు వంగుతుంది, 13 మీద దాదాపు 28. పైగా చిన్న స్ప్రాకెట్ చైన్‌ను మరింత గట్టిగా లాగుతుంది. వెనకది పెద్దదైతే ఆ లాగుడు పెరగదు. ముందర పన్ను తగ్గించి కొన్నాళ్లు నడిపి చూడండి. నచ్చితే, చైన్ సెట్టు మార్చే రోజు వచ్చినప్పుడు వెనకది పెంచుకోండి. నేనైతే ఇదే చెబుతాను.

పదమూడుకు ఒక మంచి గుణం కూడా ఉంది. చైన్‌లో లోపలి లింకు, బయటి లింకు ఒకటి విడిచి ఒకటి వస్తాయి. పళ్లు సరిసంఖ్యలో ఉంటే ఒక పంటికి ఎప్పుడూ ఒకే రకం లింకు తగులుతుంది. బేసి అయితే రెండూ మారి మారి తగిలి అరుగుదల సమంగా ఉంటుంది.

టీవీఎస్ ఎక్సెల్ సంగతి వేరు. 1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50 బయటికి వచ్చింది మొదలు పల్లెల్లో సరుకు మోసే బండి అంటే ఆ కుటుంబమే. దానికి గేర్లు లేవు. ఉన్నది ఒకే నిష్పత్తి, దించుకోవడానికి మరొకటి లేదు. గడ్డిమోపుతోనో నాలుగు నీళ్ల క్యాన్లతోనో మిట్ట మీద ఆగి మళ్లీ కదలాలంటే ఆటోమేటిక్ క్లచ్చే నలగాలి. ఇంజను తగినంత వేగం అందుకునే దాకా క్లచ్ షూలు జారుతూనే ఉంటాయి, వేడెక్కుతాయి, మాడు వాసన వస్తుంది. అలాంటి బండికి నిష్పత్తి కాస్త పెంచితే నెమ్మదిగా పోతున్నప్పుడే క్లచ్ పూర్తిగా పట్టేస్తుంది. గేర్ల బండిలో సుఖం కోసం చేసే మార్పు ఇక్కడ క్లచ్‌ను కాపాడుతుంది.

పని చేసే తీరు దగ్గర నిలబడి చూడదగ్గది. మంచి మెకానిక్ ముందు స్పానరు పట్టడు. బండిని మెయిన్ స్టాండు వేసి, వెనక స్ప్రాకెట్‌కు అటుచివర చైన్‌ను వేళ్లతో పట్టి లాగుతాడు. పంటి సగం దాకా వెలుతురు కనబడితే చైన్ సాగిందని అర్థం. అప్పుడు ఒక్క స్ప్రాకెట్ మార్చనంటాడు, మూడూ మార్చాల్సిందే అంటాడు. డబ్బు గుంజడానికి అంటున్నాడని అనుకోకండి. సాగిన చైన్ కొత్త పళ్లను నెలల్లోనే కొక్కేల్లా వంచేస్తుంది. తర్వాత ఎడమ వైపు మూత విప్పుతాడు. గేరు వేసి, వెనక బ్రేకు తొక్కిపట్టమని మనకే చెప్పి బోల్టులు వదులు చేస్తాడు. చాలా వంద సీసీ బండ్లలో ముందు స్ప్రాకెట్‌ను పట్టి ఉంచేది రెండు చిన్న బోల్టులతో ఉన్న పలుచటి ప్లేటే. లోపల పేరుకున్న మడ్డిని కిరోసిన్ గుడ్డతో తుడిచి, కొత్తది ఎక్కించి, అది కొద్దిగా అటూ ఇటూ ఆడుతుందో లేదో చూసుకుంటాడు. చైన్ బిగించాక చక్రాన్ని నిదానంగా తిప్పుతూ అన్నిటికంటే బిగుతైన చోటు వెతికి, అక్కడ కింది చైన్ రెండు, రెండున్నర సెంటీమీటర్లు ఆడేలా వదులు పెడతాడు. చివరికి లాక్ క్లిప్పు. దాని మూసిన కొస చైన్ పోయే దిక్కుకే ఉండాలి. తిరగేసి పెడితే ఏదో ఒకరోజు నడిరోడ్డు మీద చైన్ ఊడి చక్రానికి చుట్టుకుంటుంది.

స్ప్రాకెట్ కొనేటప్పుడు పళ్లు లెక్కపెట్టడం ఒక్కటే చాలదు. మన చిన్న బండ్లలో ఎక్కువగా 428 నంబరు చైన్ ఉంటుంది, అంటే పిన్నుకూ పిన్నుకూ మధ్య 12.7 మిల్లీమీటర్లు. 420 చైన్‌కూ అంతే దూరం, కానీ అది సన్నం. పళ్లు కుదిరినట్టే ఉండి మందం కుదరకపోతే మొత్తం పాడవుతుంది. 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ పేటెంటు తీసుకున్న రోలర్ చైనే ఈనాటికీ మన బండి కింద తిరుగుతోంది. కొలతలు ప్రపంచమంతా ఒకటి కావడం వల్లే హిందూపురంలో దొరకని స్ప్రాకెట్ బెంగళూరు జె.సి. రోడ్డులో దొరుకుతుంది.

ఇక మైలేజి. పన్ను తగ్గిస్తే పెట్రోలు తాగుతుందని అందరూ అంటారు. ఒంటరిగా హైవే మీద పోయేవాడికి అది నిజం. ఎప్పుడూ బరువుతో మూడో గేరులోనే పోయేవాడు ఇప్పుడు నాలుగులో పోగలిగితే ఖర్చు పెరగదు, కొంచెం తగ్గవచ్చు కూడా. స్పీడోమీటరు కేబులు ముందు చక్రం నుంచి వచ్చే బండ్లలో వేగం సరిగ్గానే చూపిస్తుంది. గేర్‌బాక్స్ నుంచి లెక్క తీసుకునే బండ్లలో మాత్రం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల తయారీ మొదలయ్యాక 44వ నంబరు హైవే మీద రోజూ డ్యూటీకి పోయివచ్చే కుర్రాళ్లు పెరిగారు. వీళ్లలో కొందరికి కావాల్సింది దీనికి తలకిందులు: ముందు 15 పళ్లు వేసి 60లో పోయే ఇంజనుతో 64లో పోవాలని. వంద సీసీ బండికి ఇది నేను ఒప్పుకోను. ఆ ఇంజనుకు మిగులు బలం లేదు. ఇద్దరు కూర్చుంటే, గాలి ఎదురైతే, నాలుగో గేరు అలంకారానికే మిగులుతుంది. నూట యాభై సీసీ దాటిన బండి అయితే ఆలోచించవచ్చు.

వారంటీలో ఉన్న కొత్త బండిని ముట్టుకోకండి. మార్చిన బండిని మొదటి వారం తర్వాత తీసుకెళ్లి చైన్ వదులు మళ్లీ చూపించండి. విప్పిన 14 పళ్ల స్ప్రాకెట్ అరగకుండా ఉంటే గ్రీజు రాసి గుడ్డలో చుట్టి దాచండి. వేరుశెనగ, చింతపండు బస్తాల పని ముగిసి ఖాళీ బండితో తిరిగే నెలల్లో దాన్నే మళ్లీ ఎక్కించుకోవచ్చు, కూలి తప్ప వేరే ఖర్చు ఉండదు.