సంకెల అనే మాట, బేడీ అనే ఇనుము

మన పిల్లలు రాసే కవితల్లో సంకెళ్లు లేని కవిత తక్కువ. బానిస సంకెళ్లు, అజ్ఞానపు సంకెళ్లు, పేదరికపు సంకెళ్లు. చివరి పాదంలో అవి తెగిపోతాయి, సూర్యుడు ఉదయిస్తాడు. చప్పట్లు కొట్టి, బహుమతులిచ్చి ఈ అలవాటు నేర్పింది ఉపాధ్యాయులమైన మేమే. కాబట్టి విమర్శ మా నుంచే మొదలుకావాలి.

సంకెల కవిత్వంలో మాట. బేడీ ఇనుము. ఒకసారి విశాఖలో కోర్టు బయట, మా బడిలో చదివిన కుర్రాడిని పోలీసులు తీసుకువెళ్తుంటే చూశాం. మమ్మల్ని చూడగానే బేడీల మీదికి తువ్వాలు లాక్కున్నాడు. "నమస్తే సార్" అన్నాడు గానీ చేతులు ఎత్తలేకపోయాడు. మేము చదివిన సంకెళ్ల కవితల్లో ఆ తువ్వాలు ఎక్కడా లేదు.

మన మన్యం యువకులు గంజాయి కేసుల్లో విశాఖ కేంద్ర కారాగారంలో ఉంటున్నారు. మూట మోసినవాడు దొరుకుతాడు, పెట్టుబడి పెట్టినవాడు చాలాసార్లు దొరకడు. సరుకు ఎక్కువగా పట్టుబడిన కేసుల్లో ఎన్‌డీపీఎస్ చట్టం 37వ సెక్షన్ వల్ల బెయిలు రావడం కష్టం. వచ్చినా పట్నంలో జామీను ఉండేదెవరు?

1980లో ప్రేమ్ శంకర్ శుక్లా కేసు తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్, బేడీలు వేయడం మామూలు పద్ధతి కాకూడదన్నారు. తప్పనిసరైతే కారణం రాయాలన్నారు. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహిత 43వ సెక్షన్, బేడీలు వాడదగ్గ నేరాల్లో మాదకద్రవ్యాల నేరాలనూ చేర్చింది. ఇది మన పిల్లల ముంజేతుల దాకా వచ్చే సంగతి.

ఈ నగరంలోనే ప్లీడరుగా పనిచేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి, మద్యనిషేధం కాలం నాటి పేదల కేసుల్లోంచి 'ఆరు సారా కథలు' రాశారు. వాటిలోని 'మాయ'లో సారా కేసు ముద్దాయి ముత్యాలమ్మ, చట్టం ఎలా నడుస్తుందో ప్లీడరుకే విడమరిచి చెబుతుంది. ఆమెను జాలిబొమ్మను చేయకుండా నోరిచ్చారు. అదే ఆ కథ బలం. అయితే ముత్యాలమ్మ మాట ప్లీడరుకు అర్థమవుతుంది. ఇంట్లో కువి, ఆదివాసీ ఒరియా మాట్లాడే మన కుర్రాడి మాట కోర్టులో ఎవరికి అర్థమవుతుంది? ఆ కథ రావిశాస్త్రి రాయలేదని నింద వేయం. అది రాయవలసింది మనం.

అల్లూరిని చెట్టుకు కట్టి కాల్చిన దృశ్యం సినిమా వల్ల ఊరూరికీ తెలుసు. ఆయన అనుచరుడు గాం మల్లుదొర ఏళ్ల తరబడి జైలుశిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. సంకెళ్లు వేసిన చేతులే పార్లమెంటు తలుపు తోశాయి. ఇంత కథ మన పక్కనే ఉండగా పిల్లలచేత "సంకెళ్లు తెంచుదాం" అని మాత్రమే రాయిస్తున్నాం.

సంకెల అనే మాట వాడవద్దని మేము అనడం లేదు. వాడే ముందు ఎవరి చేతికి, ఏ కేసులో, ఎన్నాళ్లు అని అడగండి. వాయిదాకు పొద్దున్నే బస్సెక్కి ఘాటు దిగే తల్లిని రాయండి. మూట మోస్తే వచ్చే డబ్బు ఎందుకు ఆశ పెట్టిందో కూడా దాచకుండా రాయండి. తప్పును తప్పనే చెప్పండి, మనిషిని మాత్రం విడవకండి.

ఆ రోజు మేము ఆ కుర్రాడికి బదులు నమస్కారం చేయకుండా తల తిప్పుకున్నాం. మా చేతులకు ఏ బేడీలూ లేవు.