ధర చెప్పారు, కూలి చెప్పలేదు

1983 నవంబరు 14న హైదరాబాదు దూరదర్శన్‌లో శాంతిస్వరూప్ తొలి తెలుగు వార్తలు చదివారు. ఆ వార్తలు ఎవరి కోసమో తర్వాత వచ్చిన చట్టమే చెప్పింది. 1990 ప్రసారభారతి చట్టం 12వ సెక్షన్ చూడండి. నిజాన్ని తెలుసుకునే పౌరుడి హక్కు, శ్రామికుల హక్కులు, మారుమూల జనం, గిరిజనుల ప్రత్యేక అవసరాలు, అన్నీ పేరుపెట్టి రాసిన లక్ష్యాలే.

ఇప్పుడు నల్లపాడులో కూర్చుని ఏ చానెల్‌లోనైనా రాత్రి వార్తలు పెట్టండి. గుంటూరు యార్డులో మిర్చి క్వింటా ధర చెబుతారు. రైతుకు అది కావలసిందే. ఆ కాయ కోసిన సుగాలి అక్కకు, ఘాటుకు దగ్గుతూ తొడిమలు తీసే యానాది పిన్నికి రోజుకు ఎంత ముట్టిందో మాత్రం మేము చూసినన్ని రాత్రుల్లో వినలేదు. మనం కనిపించేది ఆగస్టు 9న, ఆడుతూ పాడుతూ. ఆట మనదే, సిగ్గేం లేదు. కానీ అద్దాల లంగాతో మిరప చేలో వంగలేమని కెమెరా పట్టినవాళ్లకు ఎవరు చెప్పాలి?

టీచర్లకు ఒక మనవి. ఒక నెలపాటు ధర ఎన్నిసార్లు వచ్చిందో, కూలి ఎన్నిసార్లు వచ్చిందో పిల్లలతో నోటుబుక్కులో రాయించండి. ఆ లెక్కను, 12వ సెక్షన్‌ను కలిపి విజయవాడ దూరదర్శన్ కేంద్రానికి పంపుదాం.