మంత్రిని తీసి ఆడే పెద్దరికం

2025 జూలై నెలాఖరు. రియాద్‌లో బయట ఎండ నలభై డిగ్రీలు దాటి మాడ్చేస్తోంది. బులెవార్డ్ సిటీలోని చల్లటి హాల్లో మన హనుమకొండ కుర్రాడు ఎరిగైసి అర్జున్ చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. చేతికి తగిలే బంటు లేదు, గుర్రం లేదు. మౌస్ ఉంది, పది నిమిషాల గడియారం ఉంది. ఎత్తు వేసినందుకు అదనంగా ఒక్క సెకనైనా కలవదు. ఈ-స్పోర్ట్స్ వరల్డ్ కప్‌లో చదరంగాన్ని చేర్చుకున్న మొదటి ఏడాది అది. కొరియా క్లబ్బు జెన్.జీ తరఫున దిగిన అర్జున్ సెమీఫైనల్ దాకా దూసుకెళ్లాడు. అక్కడ ఫిరూజా చేతిలో, మూడో స్థానం పోరులో నకమురా చేతిలో ఓడి నాలుగో స్థానంలో నిలిచాడు. కప్పు, దానితోపాటు రెండున్నర లక్షల డాలర్లు కార్ల్‌సన్‌కు దక్కాయి. 2024 డిసెంబర్ రేటింగ్ జాబితాలో 2800 గీత దాటి, ఆనంద్ తర్వాత ఆ మెట్టెక్కిన రెండో భారతీయుడైన అర్జున్‌కు నాలుగో స్థానం చిన్నదే కావచ్చు. చూసిన తెలుగువాళ్లకు మాత్రం అది పండగ.

ఆ రాత్రి ఆ ఆటలు చూసి ఉత్సాహం పట్టలేక ఫోన్లో మొదటిసారి చదరంగం తెరిచినవాళ్లు ఎందరో ఉంటారు. వాళ్ల గతి ఏమిటి? ఎదుటివాడి మంత్రి, శకటం కలిసి దాడి చేస్తే నాలుగో ఎత్తుకే ఆట కట్టు. రెండో ఆటా అంతే. మూడో ఆటలో గడియారం అయిపోతుంది. నాలుగో ఆట ఉండదు, యాప్ తీసేస్తారు. చదరంగమైనా, కౌంటర్-స్ట్రైక్ అయినా, డోటా అయినా, స్ట్రీట్ ఫైటర్ అయినా ఆన్‌లైన్లో గడప దగ్గర జరిగే ఊచకోత ఇదే. కొత్తవాణ్ణి ఆ గడప దాటించి లోపల కూర్చోబెట్టడం ఒక విద్య. విజేతల చుట్టూ వెలిగే దీపాల్లో ఒక్కటి ఈ విద్య తెలిసినవాళ్ల మీద పడినా బాగుండేది.

విద్య పాతదే. వెయ్యేళ్ల కిందటి బాగ్దాద్‌లో, పాతకాలపు చదరంగం షత్రంజ్‌లో మహారథి అస్-సూలీ కాలానికే, ఆటగాళ్లను ఐదు తరగతులుగా విడదీసేవారు. పై తరగతివాడు కింది తరగతివాడికి ఎంత వదులుకుని ఆడాలన్నదే ఆ తరగతులకు కొలత. ఒకడికి బంటు, ఇంకొకడికి మంత్రి, మరొకడికి గుర్రం. మన అరుగుల మీద తాతలు చేసిందీ ఇదే. మనవడు బలగం పేర్చగానే తాత తన మంత్రిని తీసి, వాడు చూస్తుండగానే పక్కన పెట్టేవాడు. వాడు నాలుగు ఆటలు గెలిచాక మంత్రి బల్ల మీదికి తిరిగి వచ్చేది, ఈసారి ఏనుగు పక్కకు వెళ్లేది. ఆ తర్వాత గుర్రం. ఒకరోజు ఏదీ పక్కకు వెళ్లదు. మనవడికి ఆ రోజు అందిన గౌరవం ఏ కప్పుకూ తీసిపోదు.

ఈ పద్ధతిలో గొప్పతనమంతా ఒక్కచోట ఉంది. తాత వదులుకున్నది దాచిపెట్టి కాదు, పిల్లవాడి కళ్లెదుటే. ఓడినా గెలిచినా తానెక్కడున్నాడో ఆ పిల్లవాడికి తెలుసు. ఇంటర్నెట్టు ఆటల్లో మంచివాటినీ చెడ్డవాటినీ విడదీయడానికి ఇంతకన్నా పదునైన గీటురాయి లేదు.

అరుగు మీద తాత కళ్లతో కొలిచినదాన్ని లెక్కలోకి దించినవాడు ఆర్పాడ్ ఎలో. హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ భౌతికశాస్త్ర ఆచార్యుడు. ఆయన పద్ధతిని 1960లో అమెరికా చదరంగ సమాఖ్య, 1970లో ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే చేపట్టాయి. ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే పెద్దవాడు నాలుగింట మూడు గెలుస్తాడు, 400 ఉంటే పదకొండింట పది. ఈ రోజు ఆన్‌లైన్లో ఎవరితో ఎవరిని జత కట్టాలో నిర్ణయించే యంత్రాలకు మూలపురుషుడు ఆయనే. ఆ తర్వాత మార్క్ గ్లిక్‌మన్ ఇంకో మెలిక కలిపాడు. కొత్తవాడి బలం మనకింకా తెలియదు కదా, అందుకని మొదట్లో అంకె పెద్ద పెద్ద అంగలు వేస్తుంది, ఆడేకొద్దీ స్థిరపడుతుంది. తీబో డుప్లెసీ 2010లో మొదలుపెట్టిన లీచెస్ సైట్లో, ఆ అంకె స్థిరపడేదాకా దాని పక్కన చిన్న ప్రశ్నార్థకం ఉంటుంది. ‘ఇతని కొలత ఇంకా తేలలేదు’ అని అందరికీ బాహాటంగా చెప్పే గుర్తు అది. రుసుము లేదు, ప్రకటనలు లేవు, దాపరికమూ లేదు. ఆ ఒక్క ప్రశ్నార్థకానికి దండం పెట్టవచ్చు.

ఈ విద్యలో మహానుభావుడు డానియెల్ నరోదిత్‌స్కీ. 2025 అక్టోబర్‌లో ఇరవై తొమ్మిదేళ్లకే కన్నుమూసిన ఈ అమెరికన్ గ్రాండ్‌మాస్టర్ కొత్త ఖాతా తెరిచి, అడుగు మెట్టు నుంచి ఒక్కో మెట్టూ ఎక్కుతూ, ప్రతి ఎత్తు వెనకున్న ఆలోచననూ పైకి చెబుతూ వీడియోలు చేశాడు. ఎనిమిది వందల రేటింగ్‌వాడు చేసే పొరపాటు వేరు, పదిహేను వందలవాడిది వేరు. ఆ తేడాను అంత ఓపికగా, అంత ప్రేమగా విప్పి చెప్పినవాడు మరొకడు కనబడడు. ఎదుటివాడు ఓడితే ఆ ఓటమిలోనూ మంచి ఎత్తును వెతికి మెచ్చుకునేవాడు. ఇలాంటి ఆటలు సైటు అనుమతితోనే జరిగేవి, ఓడినవాళ్ల పాయింట్లు వాళ్లకు తిరిగి జమయ్యేవి. ముసుగు వేసుకున్నా మంత్రిని పక్కన పెట్టిన పెద్దరికం అది.

ఇక ఫైటింగ్ ఆటల సంగతి. 90ల్లో మన ఊళ్లలో వీడియోగేమ్ పార్లర్లలో ‘ముస్తఫా’ ఆడినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కాయిన్ వేసిన కొత్త కుర్రాడి వెనక నిలబడి, ‘అరే, రెండు బటన్లూ కలిపి నొక్కరా’ అని చెప్పే అన్న ఒకడు ప్రతి పార్లర్‌లోనూ ఉండేవాడు. పార్లర్లు పోయాయి, ఆ అన్నా పోయాడు. 2023 జూన్‌లో క్యాప్‌కామ్ విడుదల చేసిన స్ట్రీట్ ఫైటర్ 6 ఆ అన్నను వెనక్కి తెచ్చే ప్రయత్నం చేసింది. ‘మోడర్న్’ పద్ధతి ఎంచుకుంటే వేళ్లు మెలితిప్పక్కర్లేదు, ఒక్క బటన్‌తో హడోకెన్ లాంటి ప్రత్యేక దెబ్బ వస్తుంది. కానీ అలా కొట్టిన దెబ్బకు బలం ఐదోవంతు తగ్గుతుంది. ఎవరు మోడర్న్, ఎవరు క్లాసిక్ అన్నది ఇద్దరికీ తెర మీద కనిపిస్తుంది. వెసులుబాటు ఇంత, దాని ఖరీదు ఇంత అని రాసిపెట్టినట్టే. అడుగు ర్యాంకులో ఓడినా పాయింట్లు పోవు. రియాద్‌లో 2024లో ఈ ఆట కప్పు గెలిచిన చైనా దిగ్గజం షియావోహై వేళ్ల వేగం చూస్తే కళ్లు తిరుగుతాయి. అంత వేగం లేనివాడికీ ఆ ఆటలోనే ఒక కుర్చీ ఉండటం దాని గొప్పతనం.

సౌదీకి ఈ రంగంలో ప్రత్యేక బాధ్యత ఉంది. కింగ్ ఆఫ్ ఫైటర్స్ సృష్టికర్త ఎస్ఎన్‌కేలో నూటికి తొంభై ఆరు వంతుల వాటా 2022 నాటికి సౌదీ యువరాజు స్థాపించిన మిస్క్ ఫౌండేషన్ చేతికి వచ్చింది. అదే ఎస్ఎన్‌కే 2025 ఏప్రిల్‌లో, 1999 నాటి ‘గారో’ తర్వాత ఇరవై ఆరేళ్లకు, కొత్త ఫేటల్ ఫ్యూరీ తెచ్చింది. ఇందులోనూ కొత్తవాళ్ల కోసం ‘స్మార్ట్ స్టైల్’ పెట్టారు. ఒక్క బటన్‌తో వరుస దెబ్బలు వచ్చే చక్కటి ఏర్పాటు. కానీ ఆట ప్రచారంలో మోగిందేమిటి? రొనాల్డో! ఫుట్‌బాల్ వీరుణ్ణి ఫైటర్‌గా దింపితే గుంపు వస్తుంది, నిజమే. వచ్చిన గుంపును నిలబెట్టేది స్మార్ట్ స్టైల్. డప్పు దానికి మోగాలి.

గల్ఫ్‌లో ఆడేవాడికి మరో శత్రువు దూరం. రియాద్ నుంచి యూరప్ సర్వర్‌కు సంకేతం వెళ్లి రావడానికి నూరు మిల్లీసెకన్లు పట్టిందనుకుందాం. సెకనుకు అరవై ఫ్రేములు నడిచే ఆటలో అది ఆరు ఫ్రేములు. చిన్న పిడిగుద్దు నాలుగు ఫ్రేముల్లో తగిలే ఆటలో, దెబ్బ కనబడేసరికే తగిలిపోయి ఉంటుంది. కొత్తవాడు ‘నాకు చేతకాదు’ అనుకుంటాడు, తప్పు తీగది. టోనీ కానన్ తయారుచేసిన ‘రోల్‌బ్యాక్’ పద్ధతి ఈ రోగానికి మందు. ఎదుటివాడు ఏం నొక్కుతాడో యంత్రం ముందే ఊహించి ఆటను నడిపిస్తుంది, ఊహ తప్పితే చటుక్కున వెనక్కి వెళ్లి సరిదిద్దుతుంది. 2019లో అమెజాన్ బహ్రెయిన్‌లో డేటా కేంద్రాలు తెరవడం, వాలరెంట్ లాంటి ఆటలకు అక్కడ సర్వర్లు రావడం గల్ఫ్ కుర్రాళ్లకు పెద్ద ఊరట. కప్పుల లెక్క రాసేవాళ్లు ఈ తీగల లెక్క ఎందుకు రాయరో!

కొత్తవాడికి నిజమైన పని అప్పగించడంలో మాత్రం ఐస్‌లాండ్‌లో పుట్టిన ఈవ్ ఆన్‌లైన్‌ను మించింది లేదు. 2003 నుంచి నడుస్తున్న ఈ అంతరిక్ష ఆటంత కర్కశమైనది అరుదు. ఓడ పేలిపోతే పోయినట్టే. 2014 జనవరిలో బీ-ఆర్5ఆర్‌బీ అనే చోట జరిగిన ఒక్క యుద్ధంలో డెబ్భై ఐదు టైటాన్ మహానౌకలు బూడిదయ్యాయి, నష్టం అసలు డబ్బులో దాదాపు మూడు లక్షల డాలర్లని లెక్కగట్టారు. అయినా నిన్న చేరినవాడికీ అక్కడ పని ఉంటుంది. చవకబారు చిన్న ఓడతో వెళ్లి శత్రువు పెద్ద ఓడను పారిపోకుండా పట్టి ఉంచాలి, వెనక నుంచి మనవాళ్లు వచ్చేదాకా. పట్టినవాడు చస్తాడు, కానీ యుద్ధం గెలిపిస్తాడు. అతని ఓడకు బదులు మరో ఓడ దళమే ఇస్తుంది. 2013లో పుట్టిన బ్రేవ్ న్యూబీస్ లాంటి దళాలు ఈ కొత్త రక్తంతోనే నిలబడ్డాయి. ‘న్యూబీ’ అన్న తిట్టును పేరుగా పెట్టుకుని జెండా ఎగరేశారు, ఎంత ధైర్యం!

ఇప్పుడు నకిలీల మాట. కొత్తవాణ్ణి నిలబెట్టాలని కంపెనీలు ఎంచుకున్న అడ్డదారి బాట్లు. 2019లో ఫోర్ట్‌నైట్, 2020లో పబ్‌జీ తమ మ్యాచ్‌ల్లో కంప్యూటర్ నడిపే బొమ్మలను కలిపాయి. ఆ సంగతి ముందే ప్రకటించాయి, ఒప్పుకోవాల్సిందే. కానీ మ్యాచ్‌లోకి దిగాక ఫలానావాడు బాట్ అని తెర మీద రాయరు. మనుషుల పేర్లలాంటి పేర్లతో తిరిగే బొమ్మలను కొత్త కుర్రాడు వరసగా కాల్చి, ఒంటిచేత్తో గెలిచి, ‘విన్నర్ విన్నర్ చికెన్ డిన్నర్’ చూసి పొంగిపోతాడు. శుక్రవారం సెలవు రోజున రియాద్, దమ్మామ్ గదుల్లో ఫోన్లు పట్టుకున్న మన జగిత్యాల, నిజామాబాద్ కుర్రాళ్లకూ ఇదే అనుభవం. ర్యాంకు పెరుగుతుంది, బొమ్మలు తగ్గుతాయి. నిజమైన మనుషులు ఎదురైన రోజున అసలు సంగతి తెలుస్తుంది, తాను గెలిచిన ఆటలు ఆటలే కావని. ఇది పెద్దరికం కాదు, పిల్లవాడి నోట్లో పీచుమిఠాయి పెట్టి అన్నం పెట్టామని చెప్పడం. తాత మంత్రిని తీసి పక్కన పెట్టాడు. వీళ్లు తాతనే తీసేసి కుర్చీలో గడ్డిబొమ్మను కూర్చోబెట్టారు.

దీనికి తల్లకిందులు ‘స్మర్ఫ్’. ఆరితేరినవాడు కొత్త ఖాతా తెరిచి, పసివాళ్ల మధ్య దూరి, అందరినీ నరికి నవ్వుకుంటాడు. ఇతనూ కిందికి దిగినవాడే, కానీ వదులుకున్నదేమీ లేదు. అందుకే ఇది పిరికిపని. 2023 సెప్టెంబర్‌లో వాల్వ్ సంస్థ డోటా 2లో తొంభై వేల స్మర్ఫ్ ఖాతాలను ఒక్కదెబ్బతో మూసేసి, వాటి వెనకున్న అసలు ఖాతాలకూ శిక్ష ఉంటుందని హెచ్చరించింది. ఆ పని మెచ్చుకోకుండా ఉండలేం. డోటాలోనే శిక్షకుడి పాత్ర కూడా ఉంది. తెలిసినవాడు బాహాటంగా నీ పక్కన చేరి, నీ తెర మీదే గీతలు గీసి దారి చూపుతాడు. ఒకే ఆటలో రాక్షసుడూ గురువూ!

సౌదీవాళ్లకు ఈ తేడా వేరే చెప్పక్కర్లేదు. వాళ్ల బలూత్ పేకాట, ఫ్రెంచివాళ్ల బెలోత్‌కు దగ్గరి చుట్టం, ముప్పై రెండు ముక్కలతో ఇద్దరిద్దరు జట్లుగా ఆడేది. హుకుం పిలుపులో తురుపు జాకీ ఇరవై పాయింట్లు, తురుపు తొమ్మిది పద్నాలుగు. ఆ లెక్క తెలియని కొత్త జోడీదారు తప్పు ముక్క వేశాడంటే ఎదుటి జట్టుకన్నా ముందు సొంత జోడీదారే మండిపడతాడు. మజ్లిస్‌లో అయితే ఆ కోపం వెనకే ఒక గిన్నెడు గహ్వా, అంటే అరబ్బీ కాఫీ, వస్తుంది, ‘ఇంకోసారి జాకీ దాచుకో’ అన్న మాట వస్తుంది. ఫోన్లో ఆడితే తిట్టు మాత్రమే వస్తుంది, గహ్వా రాదు. కోల్పోయింది ఆ గిన్నెడు గహ్వానే.

అడగవలసింది రియాద్‌నే, ఎందుకంటే తాళంచెవులు అక్కడ ఉన్నాయి. సౌదీ నిధులతో నడిచే సావీ గేమ్స్ 2022లో ఈఎస్ఎల్, ఫేసిట్ సంస్థలను నూటయాభై కోట్ల డాలర్లకు కొన్నది. కౌంటర్-స్ట్రైక్ ఆడేవాళ్లను ఒకటి నుంచి పది లెవెళ్లుగా పేర్చి జత కట్టే ఫేసిట్ ఇప్పుడు వాళ్లదే. ఒకటో లెవెల్ కుర్రాడి మొదటి పది మ్యాచ్‌లు ఎలా గడవాలో నిర్ణయించే అధికారమూ వాళ్లదే. 2025 వరల్డ్ కప్‌లో ఏడు కోట్ల డాలర్లకు పైగా బహుమతులు పంచారు. క్లబ్బుల పోటీలో వరసగా రెండో ఏడాదీ సౌదీ జట్టు ఫాల్కన్స్ నెగ్గి డెబ్భై లక్షలు అందుకుంది. 2018లో లండన్‌లో ఫిఫా ఈ-వరల్డ్ కప్ ఎత్తిన మొసాద్ అల్-దోసరీ పెట్టిన జట్టది. పద్దెనిమిదేళ్లకే లోకాన్ని గెలిచిన సౌదీ కుర్రాడి జట్టుకు గడప విలువ తెలియకుండా ఉంటుందా?

క్లబ్బుల పట్టికలో ఏ ఆటలో ఎన్నో స్థానం వస్తే దానికి తగ్గ పాయింట్లు. దానికి ఇంకొక్క గడి కలపాలి: ఆ ఏడాది ఆ క్లబ్బు చేర్చుకుని నేర్పిన కొత్తవాళ్లలో ఏడాది తిరిగేసరికి ఎందరు ఇంకా ఆడుతున్నారు? ఆ గడికీ డబ్బు పెట్టాలి. చదరంగం ఫైనల్ రోజున, దీపాలు ఆర్పేముందు, అర్జున్ కూర్చున్న ఆ కుర్చీలోనే ఒక గ్రాండ్‌మాస్టర్‌ను కూర్చోబెట్టాలి. ఎదురుగా వారం కిందట ఆట నేర్చుకున్న రియాద్ పిల్లవాడు ఉండాలి. పెద్ద తెర మీద వేలమంది చూస్తుండగా, గ్రాండ్‌మాస్టర్ వైపు మంత్రి ఉండాల్సిన గడి ఖాళీగా ఉండాలి.