విత్తనం మిగిల్చే మందులు

పెళ్లయి మూడేళ్లయిన కుర్రాడు. నీరసం, కోరిక తగ్గింది, పిల్లలు ఇంకా కలగలేదు. పరీక్ష చేయిస్తే టెస్టోస్టిరాన్ తక్కువని తేలింది. తక్కువైనదాన్ని ఇంజెక్షన్‌తో నింపేస్తే పోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. పొరపాటు జరిగేది సరిగ్గా అక్కడే. ఆ ఇంజెక్షన్ ఒంటికి ఓపిక తెస్తుంది గానీ వీర్యకణాల పుట్టుకను ఆపేస్తుంది.

చెరువు కింద సేద్యం ఎరిగినవాళ్లకు ఇది చెప్పడం తేలిక. ఊళ్లో నీరటి ఉంటాడు, అవసరం చూసి తూము ఎత్తుతాడు, దించుతాడు. మెదడు అడుగునున్న హైపోథలామస్ ఆ నీరటి, దాని కింది పీయూష గ్రంథి తూము. తూము ఎత్తగానే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లు వృషణాల దాకా పారతాయి. ఆ పొలంలో పండేవి రెండు: ఇంటికి తిండిగింజ, వచ్చే ఏటికి విత్తనం. టెస్టోస్టిరాన్ తిండిగింజ, వీర్యకణం విత్తనం. ఇంట్లో గాదె నిండిందా లేదా అన్నది నీరటి ఎప్పుడూ ఓ కంట కనిపెడుతూనే ఉంటాడు.

బయటినుంచి టెస్టోస్టిరాన్ ఎక్కించుకోవడమంటే అంగడి బియ్యంతో గాదె నింపడం. అన్నానికి లోటుండదు. కానీ నీరటి నిండిన గాదెను చూసి తూము దించేస్తాడు, పొలం ఎండుతుంది. బియ్యం మొలకెత్తదు గదా. వృషణం లోపల టెస్టోస్టిరాన్ గాఢత రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వీర్యకణం తయారవడానికి ఆ గాఢతే కావాలి, రక్తంలోకి ఎంత ఎక్కించినా అది అక్కడికి అందదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో వెలువరించిన అధ్యయనంలో వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్‌ను మగవాళ్లకు గర్భనిరోధకంగానే వాడి చూశారు. వీర్యకణాల కౌంట్ పూర్తిగా సున్నాకు దిగిన 157 మందిని ఏడాదిపాటు గమనిస్తే, వాళ్ల భార్యల్లో ఒక్కరే గర్భం దాల్చారు. ఇంజెక్షన్లు మానేస్తే చాలామందిలో ఆరు నెలల నుంచి ఏడాదిలోపు కౌంట్ తిరిగి వస్తుంది. అయినా పిల్లల కోసం ఎదురుచూసే ఇంట్లో ఏడాది చిన్న గడువు కాదు.

విత్తనం మిగిల్చే మందుల్లో నాకు ముచ్చటేసే పనితనం క్లోమిఫీన్ మాత్రది. సిన్సినాటిలోని మెరెల్ కంపెనీలో ఫ్రాంక్ పలోపోలి బృందం దీన్ని 1956లో తయారుచేసింది. 1961లో రాబర్ట్ గ్రీన్‌బ్లాట్ దీంతో స్త్రీలలో అండం విడుదలయ్యేలా చేసి చూపించారు. ఈ మాత్ర గాదెలో ఒక్క గింజ కూడా పోయదు. మగవాడి ఒంట్లో టెస్టోస్టిరాన్ కొంత ఈస్ట్రోజెన్‌గా మారుతుంది, హైపోథలామస్ గాదె మట్టం చూసుకునేది ఎక్కువగా ఆ ఈస్ట్రోజెన్ గుర్తును బట్టే. క్లోమిఫీన్ వెళ్లి ఆ గుర్తును కప్పేస్తుంది. గాదె ఖాళీ అయిందనుకుని నీరటి తూము ఎత్తుతాడు. పండేది సొంత పొలమే కాబట్టి తిండిగింజా వస్తుంది, విత్తనమూ మిగులుతుంది.

చూడబోతే ఆ ఒక్క మాత్రలో ఉన్నవి రెండు మందులు. పరమాణువులు అవే, అమరికలో ఒకచోట అటుది ఇటు తిరిగింది, అంతే తేడా. సుమారు 62 శాతం ఎన్‌క్లోమిఫీన్. గుర్తును కప్పే పని దానిదే, దాదాపు పది గంటల్లో సగానికి తగ్గిపోతుంది. మిగిలిన 38 శాతం జూక్లోమిఫీన్. అది ఈస్ట్రోజెన్‌లాగే కొంత ప్రవర్తిస్తుంది, సగానికి తగ్గడానికి నెల పడుతుంది. రోజూ మాత్ర వేసుకుంటూ పోతే ఒంట్లో పేరుకునేది ఈ రెండోదే. మొదటిదాన్ని మాత్రమే వేరుచేసి మగవాళ్లకు ఇవ్వాలని ఒక ప్రయత్నం జరిగింది గానీ, 2015లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించలేదు. అక్కడ క్లోమిఫీన్‌కున్న అనుమతి కూడా స్త్రీల చికిత్సకే. మగవాళ్లకు డాక్టర్లు తమ విచక్షణతో రాస్తారు. టెస్టోస్టిరాన్ పెరిగినంత ఖాయంగా కౌంట్ పెరగదు. కొందరికి చూపు మసకబారుతుంది, అలా అయితే వెంటనే డాక్టర్‌కు చెప్పాలి.

తూమే పాడైతే నీరటి కళ్లు కప్పి ఏం లాభం? పీయూష గ్రంథి పనిచేయని మనిషికి హెచ్‌సీజీ ఇంజెక్షన్ కావాలి. అది పొలం గట్టున వేసిన బోరులాంటిది, నీరటితో పనిలేకుండా నేరుగా తడుపుతుంది. 1927లో బెర్లిన్‌లో ఆష్‌హైమ్, జోండెక్ గర్భిణుల మూత్రంలో పట్టుకున్న హార్మోన్ ఇదే. ఇది ఎల్‌హెచ్‌కు కవల అనిపిస్తుంది. రెండింటిలోనూ ఒక గొలుసు అచ్చం ఒకటే, 92 అమైనో ఆమ్లాలు. రెండో గొలుసు ఎల్‌హెచ్‌లో 121, హెచ్‌సీజీలో 145. ఆ పొడుగైన తోకకు చక్కెర గొలుసులు వేలాడుతుంటాయి. వాటి వల్లే ఒళ్లు దాన్ని త్వరగా వదిలించుకోలేదు. ఎల్‌హెచ్ గంటలోపే సగమైపోతే, హెచ్‌సీజీ ఒక రోజు పైగా నిలుస్తుంది. వారానికి రెండు మూడు సూదులతో సరిపోవడం ఆ తోక చలవే. 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో టెస్టోస్టిరాన్ ఒక్కటే తీసుకున్నవాళ్లకు వృషణం లోపలి గాఢత 94 శాతం పడిపోయింది. దానితోపాటు రోజు విడిచి రోజు 250 యూనిట్ల హెచ్‌సీజీ కూడా తీసుకున్నవాళ్లకు తగ్గింది 7 శాతమే. ఇంత చిన్న మోతాదు అంత పొలాన్ని తడిగా ఉంచిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

పొలమే చౌడైతే, అంటే వృషణాలే దెబ్బతిని ఎల్‌హెచ్ అప్పటికే ఎక్కువగా ఉంటే, ఈ రెండింటితోనూ పెద్దగా ఫలితం ఉండదు. అందుకే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ ఎంతున్నాయో చూడకుండా మందు రాయకూడదు.

హెచ్‌సీజీ ఒక్కటే చాలనివాళ్లకు కొన్ని నెలల తర్వాత ఎఫ్‌ఎస్‌హెచ్ కూడా కలుపుతారు. దాన్ని 1949లో రోమ్‌లో పియెరో డోనిని ముట్లుడిగిన స్త్రీల మూత్రం నుంచి శుద్ధిచేశారు. తయారీకి కావలసిన మూత్రం తర్వాతి కాలంలో ఇటలీ కాన్వెంట్లలోని వృద్ధ సన్యాసినుల నుంచి వచ్చింది. ఎందరి ఇళ్లలోనో ఉయ్యాల ఊగడానికి వాళ్ల చేయూత ఉంది. ఈ మందులతో రక్తంలో టెస్టోస్టిరాన్ కొన్ని వారాల్లోనే పెరగవచ్చు. వీర్యకణం మాత్రం తయారవడానికి సుమారు 74 రోజులు, బయటి దాకా రావడానికి ఇంకొన్ని రోజులు తీసుకుంటుంది. మూడు నెలలు నిండితే గానీ కౌంట్ పరీక్షకు అర్థం ఉండదు. పీయూష గ్రంథి లోపం ఉన్నవాళ్లలో తొలి కణం కనపడడానికి ఒక్కోసారి ఏడాది పైనే పడుతుంది.