లింకుకూ ఇంటిపేరు ఉండాలి

ఎర్రర్ చూపించే తప్పు మేలు, వెతికి సరిచేసుకోవచ్చు. చప్పుడు చేయకుండా వేరే పేజీ తెరిచే తప్పుతోనే చిక్కంతా. వెబ్‌సైట్లు కట్టే జాంగో ఫ్రేమ్‌వర్క్‌లో యూఆర్ఎల్ నేమ్‌స్పేస్ తప్పనిసరి అని నేను పట్టుబట్టేది అందుకే.

గ్రంథాలయం వెబ్‌సైటు ఒకటి తీసుకుందాం. పుస్తకాలకో యాప్, సభ్యులకో యాప్. రెండింటిలోనూ వివరాల పేజీ ఉంటుంది, దాని యూఆర్ఎల్‌కు ఇద్దరు డెవలపర్లూ ‘డిటైల్’ అనే పేరు పెడతారు. టెంప్లేటులో ‘డిటైల్’, 7 అని లింకు అడిగితే, ప్రాజెక్టు యూఆర్ఎల్ జాబితాలో ఆఖరున ఉన్నదాన్నే జాంగో ఇస్తుంది. అక్కడ సభ్యుల యాప్ ఉందనుకోండి, 7వ నంబరు పుస్తకం మీద నొక్కిన పాఠకుడికి 7వ నంబరు సభ్యుడి వివరాలు కనిపిస్తాయి. లాగ్‌లో చూస్తే ఏ లోపమూ కనబడదు.

ప్రతి యాప్ యూఆర్ఎల్ ఫైలులో ‘యాప్ నేమ్’ అని ఆ యాప్ పేరు ఒక్క లైనులో రాస్తే ఈ బాధ తప్పుతుంది. ఆ పేరే నేమ్‌స్పేస్. అప్పుడు లింకు ‘బుక్స్:డిటైల్’ అవుతుంది. మన పేర్లలో లాగే ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ఇంటిపేరు మరిచిపోయి ఉత్త ‘డిటైల్’ అని రాస్తే, ‘నోరివర్స్‌మ్యాచ్’ అని జాంగో అక్కడికక్కడే ఆపేస్తుంది.

ఈ ఏర్పాటు వెనక జాంగో ఆశయం ఒకటి ఉంది. జాంగో పుట్టిందే ఒక పత్రికాఫీసులో. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్ జర్నల్-వరల్డ్‌లో 2003లో మొదలై, 2005లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఒకచోట రాసిన యాప్ ఇంకోచోట పనికిరావాలన్నది దాని ఆశయాల్లో ఒకటి. 2009లో 1.1 వెర్షన్‌తో వచ్చిన నేమ్‌స్పేస్ ఆ ఆశయానికి ఆసరా అయింది. ఒకే యాప్‌ను ఒకే సైటులో రెండుచోట్ల పెట్టుకోవడమూ దీనివల్లే కుదురుతుంది. జాంగో అడ్మిన్‌నే చూడండి. సిబ్బందికొకటి, సంపాదకులకొకటి నడిపినా ఎవరి లింకులు వాళ్ల అడ్మిన్‌లోనే తిరుగుతాయి. మన సొంత యాప్‌ను అలా రెండుచోట్ల పెడితే, టెంప్లేటులో ప్రస్తుతం ఏ చోట ఉన్నామో జాంగోయే గ్రహిస్తుంది. వ్యూలో లింకు తయారుచేసే ‘రివర్స్’ను పిలిచేటప్పుడు మాత్రం ‘కరెంట్ యాప్’ మనమే చెప్పాలి.

కొత్తగా చేరే పిల్లలకు నేను చెప్పే మాట ఒకటే. మొదటి లింకు రాయకముందే యాప్ నేమ్ రాయండి. తర్వాత చూద్దాంలే అనుకుంటే, ప్రతి టెంప్లేటూ, ప్రతి రీడైరెక్టూ తిరగరాయాలి. ఎక్కడో ఒక మెయిల్ టెంప్లేటు మిగిలిపోయినా, అది వాడుకరికి అవసరమైన రోజునే బయటపడుతుంది. మన కోడ్ రేపు ఎవరి ప్రాజెక్టులో, ఏ యాప్‌ల పక్కన ఉంటుందో మనకు తెలియదు. పక్క యాప్‌కు అడ్డం రాకుండా రాయడం మన పనిలో మొదటి మర్యాద.