బిడ్డను తూచారు సరే, గడప దాటారా?

చిన్నపిల్లల సంక్షేమం మీద ఈ మధ్య ఎక్కడ సదస్సు పెట్టినా రెండు మాటలు తప్పకుండా వినిపిస్తున్నాయి. ఒకటి 'తొలి వయసులోనే జోక్యం', రెండోది 'ఆధారాల మీద నిలబడిన ప్రణాళిక'. మొదటి మూడేళ్లలో తిండీ ఆటా మాటా అందని పిల్లకు తర్వాత ఎంత చేసినా ఆ లోటు పూర్తిగా పూడదంటారు. ఇందులో పేచీ లేదు. తరతరాలుగా గంజి తాగి బతికిన వాడలకు ఈ సంగతి ఎవరో ప్రయోగం చేసి చెప్పనక్కర్లేదు. పేచీ అంతా ఆ 'ఆధారం' దగ్గరే. అది దేన్ని కొలిచింది, దేన్ని కొలవకుండా వదిలేసింది?

ఈ శాస్త్రంలో అందరూ ముందుగా చెప్పే పేరు పెర్రీ ప్రీస్కూల్. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, ఇప్సిలాంటి అనే ఊళ్లో, 1962 నుంచి 1967 దాకా నడిచింది. మొత్తం 123 మంది పిల్లలు. 58 మందికి బడి, 65 మందికి ఏమీ లేదు. అందరూ పేద నల్లజాతి పిల్లలే. తెలివితేటల పరీక్షలో తక్కువ మార్కులు వచ్చినవాళ్లనే ఏరి తీసుకున్నారు. నలభయ్యో ఏడు వచ్చేదాకా వాళ్ల వివరాలు సేకరిస్తూ పోయారు. బడికి పోయినవాళ్లు ఎక్కువ సంపాదించారు, తక్కువసార్లు అరెస్టయ్యారు. జేమ్స్ హెక్‌మన్, ఆయన తోటి ఆర్థికవేత్తలు 2010లో లెక్కగట్టి, పెట్టిన ప్రతి డాలరుకూ ఏడాదికి 7 నుంచి 10 శాతం రాబడి అన్నారు. ఆ లాభంలో పెద్ద వాటా నేరాలు తగ్గడం వల్ల మిగిలిన ఖర్చుదే. అంటే నల్లవాడ పిల్లడు జైలుకు పోకపోతే సర్కారుకెంత మిగులుతుందన్నమాట! పిల్లలకు మేలు జరిగింది నిజమే, దాన్ని కొట్టిపారెయ్యలేం. కానీ వాళ్లను వేరు వాడలో ఉంచిన తెల్ల సమాజానికి మాత్రం ఎవరూ పరీక్ష పెట్టలేదు. లోపం పిల్లలోనూ తల్లిలోనూ ఉందని నమ్మే 'సాంస్కృతిక లేమి' సిద్ధాంతం రాజ్యమేలిన రోజులవి. బ్లాక్ పాంథర్ల పేరు తీసుకుని 1972లో దళిత్ పాంథర్స్ నిలబడిన దేశంలో ఉన్న మనం ఈ లెక్కను ప్రశ్నించకుండా మింగాల్సిన పని లేదు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది జమైకా ప్రయోగం. 1986-87లో కింగ్‌స్టన్ నగరం పేదవాడల్లో సాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం గిడసబారిన 129 మంది పిల్లలను తీసుకుంది. కొందరికి వారానికి కిలో పాలపొడి ఆహారం. కొందరి ఇంటికి వారం వారం ఆరోగ్య కార్యకర్త వచ్చి, ఆటా మాటా ఎట్లాగో తల్లికి చూపించేది. కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. అట్లా రెండేళ్లు. ఇరవయ్యేళ్ల తర్వాత చూస్తే, ఇంటికి మనిషి వచ్చి ఆడించిన పిల్లల సంపాదన 25 శాతం ఎక్కువగా ఉందని 2014లో సైన్స్ పత్రిక అచ్చువేసింది. పాలపొడి ఒక్కటే అందినవాళ్లకు ఆ లాభం కనిపించలేదు.

ఇక్కడ పనిచేసింది ఏంది? ఒక మనిషి పేదింటి లోపలికి వచ్చింది. కూర్చుంది. బిడ్డను దగ్గరకు తీసుకుంది. తల్లితో సమానంగా మాట్లాడింది. ఆధారమంతా ఆ కూర్చోవడం మీదే నిలబడి ఉంది.

మన దగ్గరా ఇట్లాంటి పని జరిగింది. నల్లగొండ జిల్లాలో జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 60 ఊళ్లలో, 600 మంది తల్లీబిడ్డలతో చేసిన ప్రయోగం 2013లో అచ్చయింది. శిక్షణ పొందిన ఊరి ఆడవాళ్లు ఇంటింటికీ పోయి, ఏం పెట్టాలో, ఎట్లా ఆడించాలో చెప్పారు. తిండి సలహాతో పాటు ఆట కూడా నేర్పిన ఊళ్లలో పిల్లల మానసిక ఎదుగుదల మెరుగ్గా కనిపించింది. మంచిదే. కానీ ప్రయోగంలో పనిచేసిన ఆ చేతులు వేరు, పథకంలో పనిచేయాల్సిన చేతులు వేరు. 2024 మార్చిలో కేంద్రం 'నవచేతన' పేరుతో పుట్టుక నుంచి మూడేళ్ల దాకా 36 నెలలకు 140 ఆటలూ పనులూ రాసిచ్చింది. వాటిని ఇల్లిల్లూ తిరిగి చెప్పాల్సింది అంగన్‌వాడీ టీచరే. టీచర్‌ది ఏ కులం, ఇల్లు ఏ వాడలోది అని ఆలోచించకుండా జమైకా ఫలితం మాదిగ గూడెంలో వస్తుందని ఎట్లా అనుకుంటారు?

వాడల్లో తిరిగిన కార్యకర్తలకు కొత్తగా చెప్పేదేముంది. కేంద్రం ఊళ్లో ఉంటుంది, బిడ్డ వాడలో ఉంటుంది. టీచర్ వస్తుంది, గడప బయటే నిలబడి తల్లిని పిలుస్తుంది, బాలామృతం ప్యాకెట్ చేతికిస్తుంది, సంతకం పెట్టించుకుని పోతుంది. రిజిస్టరులో అది 'గృహ సందర్శన'. ఇది అన్నిచోట్లా ఇట్లాగే ఉందని అనను. కానీ సంఘమిత్ర ఆచార్య 2010లో గుజరాత్, రాజస్థాన్ పల్లెల్లో 200 మంది దళిత పిల్లలతో మాట్లాడి చేసిన అధ్యయనం సరిగ్గా ఇదే చూసింది: ముట్టుకున్నారా, ఎంతసేపు మాట్లాడారు, ఇంట్లోకి వచ్చారా. సుఖదేవ్ థోరట్, జోయెల్ లీ 2005లో అచ్చువేసిన అయిదు రాష్ట్రాల సర్వేలో మధ్యాహ్న భోజనంలో వివక్ష ఉందని చెప్పిన ఊళ్లు రాజస్థాన్‌లో 52 శాతం, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 24 శాతం. మనది తక్కువేనని సంతోషపడేవాళ్లు పడొచ్చు. నాలుగో వంతు ఊళ్లంటే మాత్రం తక్కువా?

ప్రణాళిక రాసేవాళ్లు ఒక జవాబు చెప్తారు: మా లెక్కల్లో కులం ఉంది, ఎస్సీ, ఎస్టీ అని గడి పెట్టాం. నిజమే, గడి ఉంది. అది బిడ్డ కులం గడి. కులం బిడ్డకే ఉంటుందా? ప్యాకెట్ ఇచ్చే చేతికి ఉండదా? కులాన్ని వెనకబాటుతనంగా, బిడ్డకు పుట్టుకతో వచ్చిన లోపంగా నమోదు చేస్తారే గాని, ఎదుటివాడు చేసే పనిగా నమోదు చెయ్యరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో గిడసబారినవాళ్లు 35.5 శాతం, తెలంగాణలో 33.1, ఆంధ్రలో 31.2. కారణాలు అడిగితే తల్లి చదువు, మరుగుదొడ్డి, ఆదాయం అంటారు. అశ్విని దేశ్‌పాండే, రాజేశ్ రామచంద్రన్ మాత్రం అగ్రకులాలు అంటరానితనం పాటిస్తున్నామని తామే ఒప్పుకున్న లెక్కల్ని పిల్లల ఎత్తుల పక్కన పెట్టి చూశారు. ఆ ఆచారం ఎక్కువున్నచోట దళిత పిల్లలకూ అగ్రకుల పిల్లలకూ మధ్య తేడా ఎక్కువ ఉంది. ఇది ఆధారం కాదా? ప్రణాళికల్లో దీని ఊసెందుకు లేదు?

చట్టం వైపు నుంచి చూస్తే కొంత దారి పడే ఉంది. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2004లోనే ఎస్సీ, ఎస్టీ నివాసాలన్నిటిలో అంగన్‌వాడీ పెట్టాలంది. 2006 డిసెంబరు 13న ఆ నివాసాలకే మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని మళ్లీ చెప్పింది. రెండుసార్లు ఎందుకు చెప్పాల్సి వచ్చిందో వేరే రాయనక్కర్లేదు.

తప్పంతా టీచర్ మీద తోసేసే వాదన కూడా నాకు సమ్మతం కాదు. ఆమెను ఉద్యోగి అనరు, గౌరవ కార్యకర్త అంటారు. జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. 2023 డిసెంబరు 12 నుంచి ఆంధ్రలో అంగన్‌వాడీ అక్కలు 42 రోజులు సమ్మె చేస్తే ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. వాళ్లలో మన ఆడవాళ్లూ ఉన్నారు. మన ఆడమనిషి ఆయాగా వండితే ఊరి పిల్లలు తినకుండా పోయే అవమానం ఇంకోవైపు. ఊరి కట్టుబాటును కాదని ఒక టీచర్ వాడలో కూర్చుంటే ఆమె వెనక నిలబడే అధికారి ఎవరు? 140 ఆటలు రాసిన పుస్తకం ఈ పనిని ఆమె నెత్తినే వదిలేసింది.

కాబట్టి ఇకమీదట ఏ సంస్థ వచ్చి మా పథకం ఫలించిందని ఎత్తులూ బరువులూ చూపించినా, ఇంకో నాలుగు లెక్కలు అడగాలి. వాడ ఇళ్లలో టీచర్ ఎన్నిసార్లు లోపలికి వచ్చింది, ఎంతసేపు కూర్చుంది? బిడ్డను ఎత్తుకుందా? కేంద్రంలో వండేది ఎవరు, పిల్లల్ని ఏ వరసలో కూర్చోబెడతారు? కేంద్రాన్ని వాడలో పెట్టినచోట ఊరి పిల్లలు ఎందరు వస్తున్నారు? మన విద్యార్థి సంఘాలు ఒక్కో మండలంలో పది వాడలు తీసుకుని ఏడాది పాటు ఈ లెక్క రాయొచ్చు. తల్లుల దగ్గరే ఆగకుండా, టీచర్లనూ ఆయాలనూ కూడా విడివిడిగా, ఊరి పెద్దలు పక్కన లేకుండా అడగాలి.